ఆఫీసు మెయిల్ నిండా చెత్త, తిట్లన్నీ నాకే: ఏం చేయాలక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపులో నాలుగేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. కంపెనీ పేరుతో రెండు మెయిల్ ఐడీలు ఉన్నాయి, రెండూ జీమెయిల్‌లోనే ఓపెన్ అవుతాయి, రెండూ చూసేది నేనే. రోజుకి నూట యాభై మెయిల్స్ వస్తే పనికొచ్చేవి ఇరవై కూడా ఉండవు. పోయిన నెల రాజమండ్రి పార్టీ పంపిన ఆర్డర్ స్పామ్‌లోకి పోయింది, నాలుగు రోజులు నేను చూడలేదు, వాళ్లు వేరే చోట కొనేశారు. ఓనర్ గారు అందరి ముందూ "నీకు జీతం ఎందుకిస్తున్నట్టు" అన్నారు. అప్పటి నుంచి భయంతో స్పామ్‌లోవి కూడా ఒక్కోటి తెరిచి చూస్తున్నాను. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కమని ఒకరంటారు, నొక్కితే ఇంకా ఎక్కువొస్తాయని ఇంకొకరు. ఇంకో విషయం, ఇది ఎవరికీ చెప్పలేదు. పది రోజుల కింద "పేమెంట్ అడ్వైజ్" అని ఒక మెయిల్ వస్తే ఫైల్ తెరిచాను. పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను, తప్పు అంటే మళ్లీ కొట్టాను. తర్వాత ఏమీ రాలేదు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు కాబట్టి పర్లేదు కదా?

– ఒక చెల్లెలు, విజయవాడ

సమాధానం:

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఆ నాలుగు లైన్లే నీ అసలు ఉత్తరం. నూట యాభై మెయిల్స్ సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం, అది విసుగు పుట్టించే సమస్య. ఆ పాస్‌వర్డ్ మాత్రం ఈ రోజే తేల్చాల్సిన సమస్య. పర్లేదు కదా అని అడిగావు. పర్లేదు అని నేను చెప్పలేను. కానీ సరిచేసుకోవచ్చు, అందుకు ఒక పూట చాలు.

నువ్వు తెరిచిన ఫైల్ ఎలా ఉండి ఉంటుందో చూడకుండానే చెప్పగలను, పద్దెనిమిదేళ్లు హైదరాబాద్ ఆఫీసుల్లో కంప్యూటర్లు, మెయిల్స్ చూసే పనే చేశాను, ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. ఫైల్ పేరులో పీడీఎఫ్ అని ఉంటుంది, కానీ ఆ తర్వాత ఇంకో చుక్క పెట్టి హెచ్‌టీఎంఎల్ అని ఉంటుంది, అంతదూరం ఎవరూ చదవరు. నొక్కగానే బ్రౌజర్‌లో ఒక పేజీ వస్తుంది. వెనకాల మసకమసకగా ఏదో బిల్లు, దాని మీద అచ్చం జీమెయిల్‌లాంటి లాగిన్. నీ మెయిల్ ఐడీ అందులో ముందే నింపి ఉంటుంది, పాస్‌వర్డ్ గడి ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ఐడీ కనిపించేసరికి మన పేజీయే అనుకుంటాం. ఒకసారి కొడితే తప్పు అంటుంది, నిజానికి తప్పు కాకపోయినా అంటుంది. రెండోసారీ అదే కొట్టావంటే పాస్‌వర్డ్ సరైనదేనని వాళ్లకి ఖాయమవుతుంది. ఆ తర్వాత ఏమీ జరగదు. ఏమీ జరగలేదని నువ్వు నిశ్చింతగా ఉండటమే వాళ్లకి కావాల్సింది.

ఆఫీసు మెయిల్ చేతికి దొరికినవాడు చాలాసార్లు తొందరపడడు. కూర్చుని చదువుతాడు. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఏ పార్టీ ఏ తారీకున కడతాడు, ఓనర్ గారు మెయిల్ ఎలా మొదలుపెడతారు, నువ్వు కింద ఏమని రాసి ముగిస్తావు, అన్నీ చూసుకుని పెద్ద పేమెంట్ ఉన్న రోజు కోసం కాచుకుంటాడు. పది రోజులుగా అలా ఎవరైనా చదువుతున్నారో లేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. చదువుతున్నారనే అనుకుని పని మొదలుపెట్టు.

ఆ ఫైల్ తెరిచిన కంప్యూటర్ కాకుండా వేరే సిస్టమ్ నుంచో, నీ ఫోన్ నుంచో లాగిన్ అయ్యి ముందు పాస్‌వర్డ్ మార్చెయ్. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడావా? నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, నీ సొంత జీమెయిల్? వాడి ఉంటే అవన్నీ మార్చు, ఒక్కోదానికి ఒక్కోటి పెట్టు, అన్నీ గుర్తుండవని మళ్లీ ఒకటే పెట్టకు. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చెయ్, అప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటే తెలిసినవాడు లోపలికి రాలేడు. ఆ తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి పేజీ అడుగున కుడివైపు చూడు, చివరిసారి ఎప్పుడు, ఎక్కడి నుంచి అకౌంట్ వాడారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కన డీటెయిల్స్ నొక్కితే లిస్టు వస్తుంది. నువ్వు విజయవాడ దాటకుండా అక్కడ ఇంకో దేశం పేరు కనిపిస్తే సంగతి అర్థమైనట్టే. ఏమీ కనిపించకపోయినా మిగతా సెషన్లన్నీ సైన్ అవుట్ చేసెయ్. ఆ మొదటి కంప్యూటర్‌ని యాంటీవైరస్‌తో పూర్తిగా స్కాన్ చేయించేదాకా దానిలో బ్యాంకు పని పెట్టుకోకు.

చాలామంది ఇంతటితో ఆగిపోతారు. అసలు చూడాల్సిన చోటు ఇంకొకటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫిల్టర్లు, అంటే వచ్చిన మెయిల్‌ని ఏం చేయాలో ముందే రాసిపెట్టే రూల్స్, ఉన్న పేజీ, ఫార్వర్డింగ్ ఉన్న పేజీ, రెండూ తెరువు. ఒకసారి ఒక ఆఫీసులో మెయిల్ చెక్ చేయమంటే వెళ్లాను, అప్పటికే వాళ్లు పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చారు, అయినా పార్టీల నుంచి జవాబులు రావట్లేదని మొత్తుకుంటున్నారు. ఫిల్టర్ల పేజీ తెరిచి చూస్తే ఒకే ఒక్క లైన్ ఉంది. మెయిల్‌లో పేమెంట్, ఇన్‌వాయిస్, బ్యాంక్ అనే మాటల్లో ఏది ఉన్నా ఇన్‌బాక్స్‌లోకి రాకుండా దాటించు, చదివినట్టు గుర్తు పెట్టు, ఫలానా ఐడీకి ఒక కాపీ పంపు. ఆ ఐడీ ఎవరిదో ఆఫీసులో ఎవరికీ తెలియదు. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ లైన్ అలాగే ఉంటుంది, కాపీలు పోతూనే ఉంటాయి. కాబట్టి నువ్వు పెట్టని ఫిల్టర్ ఏది కనిపించినా ముందు ఫోన్‌తో ఫోటో తీసుకో, తర్వాత డిలీట్ చెయ్. రికవరీ ఫోన్ నంబర్ మీదేనా కాదా, అకౌంట్‌కి ఏవైనా కొత్త యాప్‌లు తగిలించి ఉన్నాయా, నువ్వు పంపని మెయిల్స్ సెంట్ లోనూ ట్రాష్ లోనూ ఉన్నాయా, ఇవి కూడా చూడు.

ఇక ఓనర్ గారికి చెప్పడం. ఇదే నీకు అన్నిటికన్నా కష్టమని తెలుసు. అందరి ముందూ జీతం మాట ఎత్తిన మనిషి దగ్గరికి వెళ్లి నా వల్ల పొరపాటు జరిగిందని చెప్పాలంటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. అయినా చెప్పాలి, రేపే చెప్పాలి, ఎందుకో నేను చూసిందే చెబుతాను.

2017లో నేను పనిచేసిన చోట, బాలానగర్ వైపు ఒక ఫ్యాక్టరీ, చైనా నుంచి మెషిన్ భాగాలు తెప్పించేవాళ్లం. మూడేళ్లుగా ఒకే సప్లయర్. ఒకరోజు అదే మెయిల్ వరసలో, కింద పాత మెయిల్స్ అన్నీ అలాగే ఉండి, పైన కొత్తగా నాలుగు లైన్లు వచ్చాయి. మా ఖాతాకి ఆడిట్ జరుగుతోంది, ఈసారికి ఈ కొత్త ఖాతాలో వేయండి అని. పేరు అదే, సంతకం అదే, ఇన్‌వాయిస్ నంబరూ మొత్తమూ రూపాయి తేడా లేవు. తేడా ఒక్కటే. పంపినవాళ్ల ఐడీలో ఇంగ్లీషు ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో రాస్తే ఆ రెండూ అతుక్కుని ఎమ్ లాగే కనిపిస్తాయి. నాకు చూపించి చెప్పాక కూడా స్క్రీన్ పెద్దది చేసుకుంటే గానీ కనపడలేదు.

మా అకౌంటెంట్ గారు రిటైర్మెంట్‌కి దగ్గరున్న మనిషి, పైసా అటూ ఇటూ కానివ్వని మనిషి. డబ్బు పంపేశారు. ఆ సాయంత్రమే ఆయనకి అనుమానం వచ్చిందట. బ్యాంకు పేరు చూస్తే ఆ సప్లయర్ ఉన్న దేశమే కాదు. కానీ మా మేనేజర్ నోటికి జడిసి, సప్లయర్ నుంచి అందిందని మెయిల్ వస్తే చాలు దేవుడా అనుకుంటూ నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ టిఫిన్ బాక్స్ తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్లేవారు, మేమేమో ఒంట్లో బాలేదేమో అనుకున్నాం. ఐదో రోజు బ్యాంకుకి వెళితే డబ్బు అక్కడి నుంచి ఇంకో రెండు ఖాతాలు దాటిపోయింది. రాలేదు. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే అంతా వచ్చేదని నేను అనను, కానీ ఆపడానికి ప్రయత్నం చేసే వీలైనా ఉండేది. ఆయన మోసపోయినందుకు నాకెప్పుడూ కోపం రాలేదు. చెప్పుకోవడానికి భయపడేలా మా ఆఫీసు ఉన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మోసపోయేది చదువురాని వాళ్లో, అజాగ్రత్త మనుషులో అనుకోకు. గూగుల్, ఫేస్‌బుక్ రెండూ పడ్డాయి. లిథువేనియాకు చెందిన ఒకతను, వాళ్లకి నిజంగానే కంప్యూటర్ సామాన్లు సప్లై చేసే తైవాన్ కంపెనీ పేరుతో ఇంకోచోట కంపెనీ రిజిస్టర్ చేసి, 2013 నుంచి 2015 దాకా దొంగ బిల్లులు మెయిల్ చేస్తూ పోయాడు. రెండు కంపెనీల నుంచీ కలిపి 12 కోట్ల డాలర్ల పైనే రాబట్టాడు. 2019లో అమెరికా కోర్టు అతనికి ఐదేళ్ల జైలు వేసింది. స్పామ్‌ని వడకట్టే కంపెనీయే దొంగ బిల్లులకి డబ్బు కట్టిందంటే, రోజుకి నూట యాభై మెయిల్స్ ఒంటిచేత్తో చూసే నీకు ఒక్కటి తప్పిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి ఓనర్ గారి దగ్గరికి వెళ్లి తలొంచుకుని నిలబడొద్దు. పొద్దున్నే షాపు తెరిచి కాస్త తెరిపిగా ఉన్నప్పుడు ఇలా చెప్పు: "సార్, పది రోజుల కింద పార్టీ పేరుతో వచ్చిన ఒక దొంగ మెయిల్‌లో మన పాస్‌వర్డ్ కొట్టాను. నిన్న పాస్‌వర్డ్ మార్చాను, ఫిల్టర్లు చూశాను, ఇదిగో ఫోటోలు. ఇప్పుడు మనం పార్టీలకి ఒకసారి ఫోన్ చేసి, మన బ్యాంకు ఖాతా మారలేదు, మారిందని మెయిల్ వస్తే నమ్మొద్దు అని చెప్పాలి." జరిగింది, చేసింది, చేయాల్సింది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు, క్షమించండి అని పదిసార్లు అనొద్దు. ఆయన అరిచినా అరవొచ్చు. కానీ రేపు ఎవరో పార్టీ ఏడెనిమిది లక్షలు దొంగ ఖాతాలో వేసేశాక తెలిసే దానికంటే ఇది వంద రెట్లు నయం, అది ఆయనకీ తెలుస్తుంది.

ఒకవేళ ఇప్పటికే డబ్బు పోయిందని తేలితే అసలు ఆలోచించకు, వెంటనే 1930కి ఫోన్ చెయ్, అటు బ్యాంకుకి కూడా చెప్పు. కేంద్ర హోం శాఖ నడిపే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ అది. డబ్బు ఇంకా ఖాతాల్లోనే తిరుగుతుంటే అక్కడికక్కడ ఆపించే ఏర్పాటు వాళ్లకుంది, ఎంత తొందరగా చెబితే అంత మంచిది. వాళ్ల పోర్టల్‌లో కూడా కంప్లయింట్ నమోదు చేసి నంబర్ తీసుకో. వేరే మనిషిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేయడం ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. మామూలు స్పామ్ సంగతి వేరు. ఫోన్ కాల్స్, ఎస్ఎమ్ఎస్‌లకి ప్రచారాలు వద్దని చెప్పుకునే డీఎన్‌డీ ఉంది కానీ మెయిల్‌కి అలాంటిది లేదు, అమెరికాలో 2003లో తెచ్చినట్టు మెయిల్ స్పామ్ కోసమే ఒక చట్టం మన దగ్గర లేదు. అంటే చెత్త మెయిల్స్ బెడద మనమే తగ్గించుకోవాలి.

ఇప్పుడు ఆ నూట యాభై సంగతి చూద్దాం.

ముందు ఒకటి మనసులో పెట్టుకో, ఇది నీ చేతగానితనం కాదు. ప్రపంచంలో తిరిగే మెయిల్స్‌లో దాదాపు సగం స్పామే. మీ ఐడీ వెబ్‌సైట్ మీద ఉంది, బిల్లుల మీద ఉంది, వ్యాపార డైరెక్టరీల్లో ఉంది, ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు స్టాల్ రిజిస్టర్‌లో రాసి ఉంటారు. అక్కడి నుంచి లిస్టులుగా మారి చేతులు మారుతూ ఉంటుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోలేం. కానీ మీకు రెండు ఐడీలున్నాయి కదా, అది మంచి అవకాశం. ఒకటి ఊరందరికీ ఇచ్చేది, వెబ్‌సైట్‌కీ విజిటింగ్ కార్డుకీ. రెండోది బ్యాంకుకి, ఆడిటర్‌కి, పాత పార్టీలకి మాత్రమే, ఇంకెక్కడా రాయొద్దు, దానితో ఏ వెబ్‌సైట్‌లోనూ రిజిస్టర్ కావొద్దు. ఇప్పుడున్న రెండూ అన్నిచోట్లా రాసేసి ఉంటే మూడోది కొత్తగా తీయించు. డబ్బు మాటలన్నీ ఆ శుభ్రమైన దాంట్లోనే జరగాలి. ఇలా విడగొట్టాక, బ్యాంకు పేరుతో ఒక మెయిల్ ఊరందరి ఐడీకి వచ్చిందంటే అది దొంగదని దాదాపు చెప్పేయొచ్చు.

అన్‌సబ్‌స్క్రైబ్ గురించి నీకు చెప్పిన ఇద్దరూ సగం సగం కరెక్టే. మీరు ఎప్పుడో టైర్లు కొన్న కంపెనీ, రిజిస్టర్ అయిన సాఫ్ట్‌వేర్, జీఎస్టీ క్లాసులు పెట్టే పేరున్న సంస్థ, వీళ్లవి అయితే నిశ్చింతగా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఒక నిబంధన పెట్టాయి. రోజుకి 5000కి పైగా జీమెయిల్ ఐడీలకి ప్రచార మెయిల్స్ పంపేవాళ్లు ఒక్క నొక్కుతో ఆగిపోయే ఏర్పాటు పెట్టాలి, రెండు రోజుల్లో ఆపేయాలి, లేకపోతే వాళ్ల మెయిల్స్ సరిగ్గా చేరకపోవచ్చు, స్పామ్‌లోకి పోవచ్చు అంది గూగుల్. అందుకే పంపినవాళ్ల పేరు పక్కనే జీమెయిల్ పెట్టిన అన్‌సబ్‌స్క్రైబ్ కనిపిస్తే అదే వాడు, మెయిల్ లోపల అడుగున ఉన్న లింకు కంటే అదే నయం. కానీ ముక్కూ మొహం తెలియనివాడు, మీ వెబ్‌సైట్‌ని గూగుల్‌లో మొదటి పేజీకి తెస్తాననేవాడు, ఐదు నిమిషాల్లో యాభై లక్షల లోన్ అనేవాడు, ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్ల ఫోన్ నంబర్ల లిస్టు అమ్ముతాననేవాడు, వీళ్ల లింకు ఏదీ నొక్కకు. రిపోర్ట్ స్పామ్ నొక్కు, అంతే. ఉత్త డిలీట్ కొడితే జీమెయిల్‌కి ఏమీ తెలియదు, స్పామ్ అని చెబితేనే అలాంటివి వడకట్టడం నేర్చుకుంటుంది. దయచేసి మెయిల్స్ పంపకండి అని మర్యాదగా జవాబు రాయకు. ఈ ఐడీ వెనక చదివే మనిషి ఉందని మాత్రమే దాని వల్ల తెలుస్తుంది, లిస్టులో నీ రేటు పెరుగుతుంది. సెట్టింగ్స్‌లో బయటి బొమ్మలు చూపించే ముందు అడుగు అనే ఆప్షన్ పెట్టుకో. చాలా మెయిల్స్‌లో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి దాచి పెడతారు, అది లోడ్ అయిందంటే నువ్వు తెరిచావని వాళ్లకి కబురు అందినట్టే.

స్పామ్‌లోవి ఒక్కోటి తెరిచి చూస్తున్నానన్నావు, అది ఈ రోజుతో ఆపెయ్. రాజమండ్రి ఆర్డర్ పోయిందని పుట్టిన భయం నీతో ఆ పని చేయిస్తోంది, ఆ భయంలోనే పేమెంట్ అడ్వైజ్ కూడా తెరిచి ఉంటావు. స్పామ్ ఫోల్డర్‌ని తెరవాల్సింది రోజుకి రెండుసార్లు, పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి, చెరో ఐదు నిమిషాలు. పేర్లూ సబ్జెక్టులూ మాత్రమే పైపైన చదువుకుంటూ వెళ్లు, తెలిసిన పార్టీ కనిపిస్తే ఐడీ సరిచూసుకుని నాట్ స్పామ్ నొక్కు, వాళ్లని కాంటాక్ట్స్‌లో పెట్టు. అక్కడ 30 రోజులు దాటినవి వాటంతట అవే పోతాయి కాబట్టి వారానికోసారి చూద్దాంలే అనుకోకు. రెగ్యులర్‌గా ఆర్డర్లిచ్చే పార్టీలకి ఒక ఫిల్టర్ పెట్టు, ఈ ఐడీల నుంచి వచ్చేవి ఎప్పుడూ స్పామ్‌లో వేయొద్దు అని. ముప్పై నలభై పార్టీలు ఉంటాయేమో, ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. పార్టీలకి కూడా చెప్పు, ఆర్డర్ మెయిల్ చేస్తే వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టమని. పెద్ద కంపెనీలు దీన్ని ఎలా చూస్తాయో గానీ ఆటోనగర్‌లో అంతకంటే గట్టి ఏర్పాటు లేదు.

పేమెంట్ అడ్వైజ్ అని ఏది వచ్చినా ఫైల్ తెరవకముందే బ్యాంకు స్టేట్‌మెంట్ చూడు. డబ్బు పడిందో లేదో చెప్పాల్సింది స్టేట్‌మెంట్, ఒక్కో పేమెంట్‌కి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ అక్కడే ఉంటుంది. పడకపోతే ఆ అడ్వైజ్‌తో నీకు పనే లేదు. విదేశీ కంపెనీ పేరుతో అర్జెంట్ కొటేషన్ కావాలి, లిస్టు జిప్ ఫైల్‌లో ఉంది అంటే, ఏ లారీకి ఏ పార్ట్ కావాలో మెయిల్‌లోనే రాయమని వాళ్లకి చెప్పు, నిజంగా కొనేవాడు రెండు నిమిషాల్లో రాస్తాడు. మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఇక్కడ నొక్కకపోతే ఇవాళ రాత్రికి ఆగిపోతుంది అనేవి పూర్తిగా వదిలెయ్.

ఇన్‌కమ్ ట్యాక్స్, జీఎస్టీ నోటీసుల పేరుతో వచ్చేవి అందరికీ టెన్షన్ పెడతాయి, ఓనర్లకి ఇంకా ఎక్కువ. ఆ మెయిల్‌లోని లింకు మాత్రం ముట్టుకోకు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల ఉత్తరాల మీద 2019 అక్టోబర్ నుంచి డిన్ అనే డాక్యుమెంట్ గుర్తింపు నంబర్ వేస్తున్నారు. వాళ్ల ఈ-ఫైలింగ్ సైట్‌ని నువ్వే టైప్ చేసి తెరిచి, నోటీసు అసలైనదా కాదా చూసుకునే పేజీలో ఆ నంబర్ కొడితే తేలిపోతుంది. జీఎస్టీ నోటీసయితే మీ పోర్టల్‌లో లాగిన్ అయితే అక్కడే ఉండాలి. లేదా, ఆడిటర్ గారికి ఫోన్ చెయ్. ఆ భయంలో నీకు నువ్వుగా ఏదీ నొక్కకు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పండగలకి మీ షాపు నుంచి గ్రీటింగ్స్ పంపుతారా, ఐదారొందల పార్టీలకి, అందరి ఐడీలూ సీసీలో పెట్టి? చాలా ఆఫీసుల్లో సంక్రాంతికి ఇదే జరుగుతుంది. అందులో ఒక్కరి మెయిల్ దొంగల చేతిలో ఉన్నా మీ పార్టీల లిస్టు మొత్తం వాళ్లకి అప్పజెప్పినట్టే. పైగా అందులో నలుగురు మీ మెయిల్‌ని స్పామ్ అని నొక్కితే, రేపు మీ కొటేషన్లు కూడా వాళ్లవాళ్ల స్పామ్‌లోకే పోతాయి. ఐడీలు ఒకరివి ఇంకొకరికి కనపడని బీసీసీలో పెట్టు, లేదా వాట్సాప్‌లో శుభాకాంక్షలు పంపుకోండి. అలాగే మీ డొమైన్, అంటే మెయిల్ ఐడీలో @ తర్వాత ఉండే పేరు, చూసే అబ్బాయి ఎవరో ఉంటాడు కదా, అతన్ని ఒకసారి పిలిచి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టావా అని అడుగు. మీ షాపు లెటర్‌హెడ్ మీద స్టాంపు, సంతకం ఉన్నట్టే అవి, ఈ మెయిల్ మీ దగ్గరి నుంచే వచ్చిందని అవతలి మెయిల్ సర్వర్‌కి రుజువు చూపిస్తాయి. లేకపోతే మీ ఐడీతోనే ఎవడైనా మెయిల్ పంపగలడు. అతనికి అది గంట పని. రాజమండ్రి వాళ్ల మెయిల్ స్పామ్‌లోకి పోవడానికి వాళ్ల వైపు ఇవి లేకపోవడమే కారణం అయ్యుండొచ్చు, అదే నిజమైతే ఆ రోజు అందరి ముందూ పడ్డ మాట నీకు అన్యాయంగా పడింది.

ఈ పేజీ మీ ఓనర్ గారికి చూపించగలిగితే ఈ పేరా చూపించు. అయ్యా, మీ షాపులో అకౌంట్స్, ఆర్డర్లు, మెయిల్స్, బ్యాంకు అన్నీ ఒకే అమ్మాయి చూస్తోంది. ఆ అమ్మాయి దొంగ మెయిల్‌ని గుర్తుపట్టలేని రోజు ఏదో ఒకటి వస్తుంది, మీరైనా నేనైనా అంతే. ఆ రోజు ఆమె పరుగెత్తుకుంటూ మీ దగ్గరికి వస్తుందా, మీకు తెలియకుండా దాస్తుందా అన్నది ఇవాళ మీరు మాట్లాడే తీరును బట్టి ఉంటుంది. ఒక్క రూలు మీరే పెట్టండి: ఎవరి ఖాతా నంబర్ మారిందని మెయిల్ వచ్చినా, ఆఖరికి మీ పేరుతో వచ్చినా, ఫోన్ చేసి గొంతు విని కనుక్కోకుండా రూపాయి పంపకూడదు, అలా ఆపినందుకు ఆలస్యమైతే ఎవరూ ఏమీ అనకూడదు. పంపేముందు ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో ఆ పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 కల్లా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి చెప్పింది. పార్టీ పేరూ ఖాతా పేరూ కలవకపోతే అక్కడే ఆగిపోవచ్చు.

ఆ ఫోన్ చేసేటప్పుడు మాత్రం మెయిల్ అడుగున ఉన్న నంబర్‌కి చేయకు తల్లీ, అది దొంగదే అయితే ఫోన్ ఎత్తేది కూడా దొంగే. పాత బిల్లుల మీద ఉన్న నంబర్‌కి చెయ్. నాలుగేళ్ల నుంచి ఉన్నావు కాబట్టి మీ షాపులో పార్టీల నంబర్లు చేత్తో రాసి పెట్టుకున్న డైరీ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వెతికి నీ టేబుల్ సొరుగులో పెట్టుకో, రేపు పార్టీలకి ఫోన్లు అందులోంచే మొదలుపెట్టు, ఎక్కువ బాకీ ఉన్నవాళ్ల నుంచి.